బోదె పూడ్చేసి గ్రీన్ కాలనీ అంటే ఎలాగండి?

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్తుంటే రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులే. "ప్రకృతి ఒడిలో సొంతిల్లు" అంటారు, తీరా లోపలికెళ్లి చూస్తే చేలో మూడడుగుల ఎత్తున గ్రావెల్ తోలేసి, గట్టు మీద కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు కొట్టేసి, పంటబోదె (చేలకి నీరు పారే చిన్న కాలువ) పూడ్చేసి దాని మీదే సిమెంట్ రోడ్డు వేసేసి, రెండు పక్కలా కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు నాటేసుంటారు. దీన్ని ప్రకృతి అని ఎలా అమ్ముతారండి? చాలా రోజుల్నుంచి కడుపులో ఉన్న మాట, పోస్టు పెద్దదే అవుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మన గోదావరి డెల్టాలో నేల ఎంత చదునంటే వాలు కంటికి కనపడదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, ఆ నీళ్లు పారే కాలువలు మెరక మీద ఉంటాయి, మురుగు పోయే దారి పల్లంలో ఉంటుంది. కాలువ నుంచి పిల్లకాలువ, దాన్నుంచి పంటబోదె, చేలో తడి అయ్యాక మిగిలింది మురుగుబోదెలోకి, అక్కడ్నుంచి పెద్ద డ్రెయిన్లోకి, చివరికి సముద్రంలోకి. నీటికి ఇదొక్కటే దారి, ఇంకోటి లేదు. మధ్యలో ఎవరో ఒక రెండెకరాల లేఅవుట్ కోసం బోదె మూసేస్తే ఎగువ చేలు మునుగుతాయి, దిగువ చేలకి సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నీరు అందదు. అక్టోబర్, నవంబర్‌లో వాయుగుండం పట్టిందంటే చూడండి, ఏటిగట్టు ఎక్కడా తెగదు, 1986 లాంటి వరద రాదు, అయినా ఇళ్లల్లో మోకాలి లోతు నీళ్లు. ఒకడు మెరక చేసుకుంటే ఆ నీళ్లు పక్కోడి మీదకి పోతాయి, పక్కోడు ఇంకో రెండడుగులు లేపుతాడు, ఆఖరికి మునిగేది ఎవరండీ, పల్లంలో ఉన్న పేటలు, ఒక లారీ మట్టి తోలించుకోవడానికి కూడా డబ్బులేనోళ్లు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మేముండే కాలనీ చిన్నది, పాతది. కొబ్బరితోటని ఇళ్ల స్థలాలుగా విడగొట్టినప్పుడు ఆ రైతులు బోదె జోలికి వెళ్లలేదు, ఎక్కడ దాటాలో అక్కడ వెడల్పాటి తూము కట్టి మిగతాదంతా గడ్డి గట్లతో అలాగే వదిలేశారు. పల్లపు మూల ఉన్న చెరువు పూడ్చలేదు. రోడ్డు మధ్యలో మాత్రమే సిమెంట్, అంచులన్నీ మట్టే, వానపడితే అక్కడే ఇంకుతుంది. ఎంత పెద్ద వాన పడినా తెల్లారేసరికి వాకిట్లో నీరు ఉండదు, చెరువు నిండుతుంది, ఎక్కువైంది మురుగుబోదె పట్టుకుని పోతుంది. ఇంటింటికీ పడమటి వైపు మామిడో పనసో ఉంటుంది, ముందు వసారా ఉంటుంది, మేలో కూడా సాయంత్రం సముద్రపు గాలి తిరిగేసరికి అందరం బయటే కూర్చుంటాం. చెరువు దగ్గర లకుముకి పిట్టలు, కొంగలు, నీటికాకులు, పిల్లలకి వీటి పేర్లు ఎవరూ నేర్పక్కర్లేదు.

దోమల సంగతేంటి, పాముల సంగతేంటి అని అందరూ అడుగుతారు. అడగాల్సిందే. పాములున్నాయి, అందుకే గట్లమీద గడ్డి కోయిస్తాం, రాత్రిపూట లైటు లేకుండా ఎవరం నడవం. దోమల విషయం మాత్రం జనం తిరగేసి అర్థం చేసుకుంటున్నారు. పారే నీటిలో, చేపలున్న చెరువులో దోమ పిల్లలు బతకడం కష్టం, ఆరోగ్యశాఖ వాళ్లు గంబూసియా చేపల్ని వదిలేది అందుకే కదా. దోమలు పుట్టేది వాలు సరిగ్గా చూడకుండా కట్టిన సిమెంట్ డ్రెయిన్లలో, ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడి నిలబడిపోయిన నీళ్లల్లో. అయితే గుర్రపుడెక్క మాత్రం తీయిస్తూనే ఉండాలి, ఇంటికింత అని వేసుకుంటాం, ఇవ్వని వాళ్లతో గొడవలు కూడా అవుతాయి. ఈ మాత్రం పని చేయకుండా ఏ చెరువూ నిలవదండి.

ఇదేదో పల్లెటూరి చాదస్తం అనుకునేవాళ్లకి ఒకటి చెప్తా. అమెరికాలో కాలిఫోర్నియా డేవిస్ ఊళ్లో 1970ల్లో మైకేల్ కార్బెట్, జూడీ కార్బెట్ అనే దంపతులు విలేజ్ హోమ్స్ అని రెండొందల పైచిలుకు ఇళ్ల కాలనీ కట్టారు. వాననీటికి భూమిలో పైపులు వేయకుండా పైనే గడ్డి కాలువలు పెట్టారు, రోడ్లు సన్నం చేశారు, కాలనీ అంతా పండ్ల చెట్లు వేశారు. మొదట్లో అక్కడి అధికారులకి ఆ గడ్డి కాలువల మీద నమ్మకం లేదు, అయినా పట్టుబట్టి కట్టారు, ఇప్పటికీ జనం ఉంటున్నారు. వాళ్ల ఇళ్లు చలికాలం ఎండ కోసం దక్షిణానికి తిరిగుంటాయి, మనకి ఆ అవసరం లేదు, మనకి కావాల్సింది నీడా గాలీ. మన మండువా లోగిళ్లు ఆ లెక్కలోనే కట్టారు. కాబట్టి వాళ్ల ఇంటి డిజైన్ కాపీ కొట్టమని కాదు నేననేది, నీరు ఎటు పోతోందో ముందు చూసి తర్వాత ముగ్గు పోసిన పద్ధతి చూడమంటున్నా. ఇక్కడ వాస్తు కోసం గుమ్మం జరుపుతారు గానీ బోదె కోసం ఒక ప్లాటు వదులుకోరు.

కోనోకార్పస్ గురించి ఎక్కువ చెప్పను, గుజరాత్ ప్రభుత్వం 2023లోనే వద్దని ఆపేసింది, మనకి కానుగ, గంగరావి, నేరేడు, పొన్న ఉండగా అదెందుకో నాకు తెలీదు.

లేఅవుట్‌లో 10 శాతం ఓపెన్ స్పేస్ ఎలాగూ వదలాలి. దాన్ని ఎవరూ కొనని మూల ముక్కలో నాలుగు బెంచీలు వేసి చూపించకుండా, ఉన్నవాటిలో బాగా పల్లంగా ఉన్న చోట చెరువుగా వదలమని పంచాయతీ పట్టుబట్టాలి. బోదె మీద పైపు వేస్తామంటే ఒప్పుకోకూడదు, సన్న పైపు రెండు వానాకాలాల్లో పూడిపోద్ది. ప్లాటు కొనేవాళ్లు బ్రోచర్ పక్కన పెట్టి ఆ ఊరి సచివాలయంలో సర్వేయర్ గారి దగ్గర ఊరి మ్యాపు చూడండి, బోదె ఏ సర్వే నంబర్ల మధ్య ఉందో కనపడుతుంది, తర్వాత వాన పడుతున్న రోజే వెళ్లి ఆ బోదె అక్కడ ఉందో లేదో చూడండి. మా చుట్టుపక్కల మండలాల్లో ఎవరైనా కొనే ఆలోచనలో ఉంటే మెసేజ్ పెట్టండి, మ్యాపు పట్టుకుని మీతోపాటు నేనూ వస్తా.