రిజల్యూషన్ గడిలో అంకె మారిస్తే ఫొటో మారదు

మా నాయనమ్మకు మిగిలినది ఒకే ఒక్క ఫొటో, అదీ పాస్‌పోర్టు సైజుది. సంవత్సరీకానికి దాన్ని పెద్దది చేయించాలని కోఠీలో ఒక ఫొటో దుకాణానికి తీసుకువెళ్లాను. "300 డీపీఐ పెట్టేశాను సార్, ఇక ఢోకా లేదు" అంటూ 12 × 15 అంగుళాల ప్రింటు చేతిలో పెట్టారు. అందులో నాయనమ్మ కళ్లు గళ్లుగళ్లుగా ఉన్నాయి, ముక్కుపుడక మసక మచ్చగా మారింది.

మన ఊళ్లో ఆ 300 అంకెను మంత్రంలా వాడడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క మాత్రమే. ఎన్ని అంగుళాలకు అన్నది తేల్చుకోకుండా ఆ లెక్కకు అర్థం లేదు. 3.5 × 4.5 సెంటీమీటర్ల ఫొటోను 300 వద్ద స్కాన్ చేస్తే వచ్చేవి అడ్డంగా 413, నిలువుగా 531 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. వాటినే 12 అంగుళాల వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి దక్కేవి సుమారు 35. ఆ తరువాత ఫొటోషాప్‌లో రిజల్యూషన్ గడిలో 300 అని కొడితే, అది పక్క పిక్సెళ్ల రంగులను చూసి కొత్తవాటిని అంచనా వేసి నింపుతుందే తప్ప, స్కానర్ పట్టుకోని ముక్కుపుడకను తిరిగి తేలేదు.

ఫోనులో బాగానే కనిపిస్తోంది కదా అని దుకాణంవారు వాదించారు. ఫోను తెర మీద ఆ బొమ్మ రెండు మూడు అంగుళాలే కాబట్టి బాగుంటుంది; పైగా తెరకు కావలసినవి పిక్సెళ్లే, ఫైలులో రాసి ఉన్న డీపీఐతో దానికి పని లేదు. పంజాగుట్ట చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీకి అంగుళానికి కొద్ది పిక్సెళ్లే ఉన్నా సరిపోతాయి, ఎందుకంటే దాన్ని రోడ్డు అవతలి నుంచి చూస్తాం. ఇంట్లో గోడ మీది ఫొటోను, అందులోనూ పోయినవారి ఫొటోను, మొహం ఆనించినంత దగ్గరగా చూస్తాం. దుకాణాలవారికి నా విన్నపం ఒక్కటే: స్కాన్ బటన్ నొక్కే ముందు, ఎంత సైజు ప్రింటు కావాలో అడగండి.

తరువాత మరొకచోట అదే ఫొటోను 1200 వద్ద స్కాన్ చేయించాను. 1654 × 2126 పిక్సెళ్లు వచ్చాయి. పాత ప్రింటులో ఉన్న వివరానికీ హద్దు ఉంటుంది, ఆ పైన స్కానర్‌కు దొరికేది కాగితం నారే. అందుకే పెద్ద సైజు ఆశ వదులుకుని 8 × 10 అంగుళాలతో సరిపెట్టుకున్నాను. అంగుళానికి 200 పైగా దక్కాయి, ముక్కుపుడక రాయి తెలుస్తోంది. టిఫ్ ఫైలును పెదనాన్నకు వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాను. ఫొటోగా పంపితే వాట్సాప్ పిక్సెళ్లను మళ్లీ తగ్గించేస్తుంది.