అన్న నా మాట విన్నాడు!

కొత్తగా ఓటొచ్చిన పిల్లల్లో ఎన్నికల ముందు ఒక రకం జ్వరం కనబడుతుంది. పోటీలో ఉన్న నాయకుడి గొంతు వినబడగానే ఫోన్ చెవికి ఆనించుకుని నిటారుగా నిలబడతారు. మాట పడిపోతుంది. ఫోన్ పెట్టేశాక ఇంటిల్లిపాదికీ ఒకటే ముక్క చెబుతారు: "అన్న నాతో మాట్లాడాడు." దీన్ని చూసి నవ్వేవాళ్లు హృదయం లేనివాళ్లు. పద్దెనిమిదేళ్లూ ఇంట్లో "నీకేం తెలుసు, నువ్వూరుకో" అని విన్న ప్రాణిని ఎవరో "నీ అభిప్రాయం చెప్పు తమ్ముడూ" అని అడిగితే పులకరించక ఏం చేస్తుంది?

అయితే ఒక్క తమ్ముణ్ని వినడానికి వెనక ఎంత యంత్రాంగం పనిచేస్తుందో ఆ తమ్ముడికి తెలియకపోవడం అన్యాయం. ఓటు నమోదుకు ఫారం 6 నింపి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏదో ఒకనాటికి 18 నిండినట్టు చూపించి జాబితాకెక్కుతాడు కదా, ఆ జాబితాను గుర్తింపు పొందిన పార్టీలకు ఎన్నికల సంఘమే ఉచితంగా ఇస్తుంది. పేజీకి 30 గళ్లు. గడిలో పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వయసు. 18, 19 ఉన్నవాళ్లను ఏరడం చిటికెలో పని. ఫోన్ నంబరొక్కటే అందులో ఉండదు. "సర్వే అండీ" అంటూ గుమ్మంలోకొచ్చిన కుర్రాడికి మంచినీళ్లిచ్చి మరీ అమ్మ చెప్పిన నంబరది.

ఆ నంబరుకొచ్చేది అన్న గొంతు రికార్డింగు. అసలు కళ అందులోనే ఉంది. "నమస్తే తమ్ముడూ, బాగున్నావా?" అన్నాక చిన్న ఖాళీ వదలాలి. తమ్ముడు "బాగున్నానన్నా" అంటాడు. "సంతోషం. నీ కష్టాలు నాకు తెలుసు" అని వస్తుంది. అడిగింది లేదు, చెప్పింది లేదు, తెలిసిపోయాయి! ఆ ఖాళీ తక్కువైతే మాట మీద మాట పడుతుంది. ఎక్కువైతే తమ్ముడు "హలో, హలో" అంటున్నా అన్న తన ధోరణిలో తాను పోతాడు, గుట్టు రట్టవుతుంది. ఆడపిల్లల కోసం "చెల్లెమ్మా" అని వేరే రికార్డు చేస్తారు. ఎక్సెల్ షీటులో ఒక్క వరస జరిగిందా, ఊళ్లో చెల్లెమ్మలంతా తమ్ముళ్లవుతారు.

ఇంకో సంగతి. అన్న గుండె లోతుల్లోంచి వచ్చిన ఆ పలకరింపుకు ముందస్తు అనుమతి ఉండాలి. ప్రచారం కోసం గుంపుగా పంపే వాయిస్ మెసేజులను మీడియా సర్టిఫికేషన్ కమిటీ ముందే ఆమోదించాలని నిబంధన. అంటే అన్న ఆప్యాయత మీద అధికారుల సంతకం ఉంటుందన్నమాట. దాని ఖర్చు అభ్యర్థి లెక్కలోకే వస్తుంది. మన అసెంబ్లీ సీట్లకు 2022 నుంచి గరిష్ఠ పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. ప్రేమకు ఇంత పక్కాగా పద్దు రాసే వ్యవస్థ ఇంకెక్కడుందో చెప్పండి!

రోడ్‌షోలో వినడం మరీ కష్టమైన పని. పక్కనున్న బూత్ కార్యకర్త చెవిలో పేరు అందిస్తాడు, అన్న భుజం మీద చెయ్యేస్తాడు. "కాలేజీకి బస్సు లేదన్నా" అని అర్జీ చేతికొస్తుంది. ఈ అన్న పోటీ ఎంపీ సీటుకు, బస్సు రాష్ట్ర ఆర్టీసీది. అయినా "అది నా పని కాదు" అని నోరు జారకూడదు. "రాసుకో" అనాలి, పీఏ వైపు చూడకుండా చెయ్యి చాపాలి. కాగితం అన్న చేతిలోంచి పీఏకి, పీఏ చేతిలోంచి గన్‌మన్‌కి, అక్కణ్నుంచి కారు వెనక సీటులో శాలువాల కిందికి చేరుతుంది. మర్నాడు శాలువాలు దులిపినప్పుడు దొరికినా లాభం లేదు. తొందరలో రూటూ, టైమూ, ఫోన్ నంబరూ రాయలేదు తమ్ముడు. అన్నతో ఫొటో మాత్రం రెండు కోణాల్లో తీయించుకున్నాడు.

బస్సే కావాలంటే దారి వేరే ఉంది, పరమ నీరసమైన దారి. ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ టైముకి, ఎంతమంది ఎక్కుతారు అని ఒక పేజీలో రాసి, ఎక్కేవాళ్ల సంతకాలు పెట్టించి, డిపో మేనేజర్ ఆఫీసులో ఇవ్వాలి. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. జవాబు రాకపోతే 10 రూపాయలు కట్టి, ఆ అర్జీ ఎంతవరకు వచ్చిందని సమాచార హక్కు కింద అడగాలి. 30 రోజుల్లో సమాధానమివ్వాలి. అక్కడ గుమస్తా తలెత్తి చూడడు. తమ్ముడూ అనడు. భుజం మీద చెయ్యేసే ప్రశ్నే లేదు. ఒళ్లు పులకరించని ప్రజాస్వామ్యం ఎవడిక్కావాలి?

పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోతుంది, దాంతో అన్న ఫోనూ ఆగిపోతుంది. ఆ రెండు రోజులూ సిగ్నల్ లేదేమోనని తమ్ముడు మేడెక్కి చూసుకుంటాడు. ఓటు వేశాక, అది ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ యంత్రం గాజులోంచి చీటీ 7 సెకన్లు కనబడి పడిపోతుంది. అన్న వదిలిన ఖాళీ కన్నా ఎక్కువే.

ఇప్పుడు ఆ రికార్డింగు మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగే పిల్లలకు ఒక సూచన. వచ్చే ఎన్నికల నాటికి మీకు 23, 24 వస్తాయి, 18, 19 ఏరే వరసలో మీ పేరు రాదు. నిరుద్యోగులకు వేరే జాబితా ఉంటుంది, దానికి రికార్డింగు కూడా వేరే. నంబరు మాత్రం మార్చకండి.