అడక్కుండా పెట్టి బిల్లేస్తారేంటి?
టోక్యో షింజుకులో ఆఫీసోళ్ళతో శుక్రవారం మందు పార్టీ, రానంటే మొహాలు మాడ్చుకుంటారు. ఇజకాయాలో, అంటే ఇక్కడి మందు హోటల్లో, ఇలా కూర్చున్నామో లేదో ఒటోషి అంట, చిన్న గిన్నెలో ఉడకేసిన ఆకుకూర, పైన చేప పొట్టు చల్లి, దానికి మనిషికి 400 యెన్‌లు! ఎవడడిగాడయ్యా నిన్ను? నేను వెజ్ మొర్రో అంటే సలాడ్ మీద కూడా అదే పొట్టు. నేను తాగింది ఊలాంగ్ టీ, తిన్నది ఉప్పేసిన ఎడమామె, అదే పచ్చి సోయా కాయలు, బిల్లు మాత్రం బీర్ల మీద బీర్లు లాగించినోడికీ నాకూ సమానం, ఇదేం న్యాయం? పోనీ అక్కడితో వదుల్తారా, నిజికాయ్ అని ఇంకో బార్, ఆపైన కరావొకే, మేనేజర్ లేవందే మనం లేవకూడదు, ఈలోపు లాస్ట్ ట్రైన్ తుర్రు. టాక్సీకేమో రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా 20 శాతం ఎక్స్‌ట్రా. అది ఎవడిస్తాడు, కంపెనీయా?