స్టీవెన్స్ అడిగిన నలభై ఎకరాలు

బానిసత్వాన్ని ఎదిరించిన పందొమ్మిదో శతాబ్దపు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు థాడియస్ స్టీవెన్స్ అనగానే ఆయన సమాధి గుర్తుకొస్తుంది. నల్లజాతీయులకు చోటివ్వని శ్మశానాలు తనకొద్దని, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్‌లో అందరినీ రానిచ్చే ఓ చిన్న శ్మశానం ఎంచుకుని, ఆ కారణాన్నే రాతి మీద చెక్కించుకున్నారు. గొప్ప సంగతే. మేం మాత్రం 1821 నుంచి మొదలుపెడతాం.

అప్పటికి ఆయన గెటిస్‌బర్గ్‌లో ప్లీడరు. ఆరు నెలలు పెన్సిల్వేనియాలో ఉంచిన బానిసకు అక్కడి చట్టం స్వేచ్ఛనిచ్చేది. ఆ లెక్కన తనకు విముక్తి దక్కాలని చారిటీ బట్లర్ అనే మహిళ కోర్టుకెక్కారు. స్టీవెన్స్ యజమాని పక్షాన నిలబడి, అప్పుడప్పుడు వచ్చి వెళ్లిన రోజుల్ని కూడితే చెల్లదని వాదించి గెలిచారు. ఆమె, పిల్లలు బానిసత్వంలోనే ఉండిపోయారు. వకాల్తా పుచ్చుకున్న కక్షిదారు కోసం వాదించడం వృత్తిధర్మమే అనొచ్చు. అయినా ఈ గెలుపును చెప్పకుండా ఆయన్ను పొగడటం సరికాదు.

ఆ తర్వాతి మనిషి వేరు. 1835లో రాష్ట్ర సభలో ఉచిత పాఠశాలల చట్టం రద్దు కాకుండా ఒక్క ప్రసంగంతో అడ్డుకున్నారు. 1838లో నల్లవారి ఓటు తీసేసిన రాష్ట్ర రాజ్యాంగంపై సంతకం పెట్టనన్నారు. పుట్టుకతో వంకర పాదం, కటువైన నాలుక, జూదం మోజు, మహాత్ముడేమీ కాదు. అంతర్యుద్ధం తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో 14వ రాజ్యాంగ సవరణకు పట్టుబట్టిన వారిలో ముందున్నది ఆయనే. మన రాజ్యాంగం 14వ అధికరణలోని ‘చట్టాల సమాన రక్షణ’ అక్కడిదే. ఆ సవరణ తాను కోరినంత లేదని ఆయనకు తెలుసు. దేవతల మధ్య కాదు, మనుషుల మధ్య బతుకుతున్నానంటూ ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది భూమి విషయంలో. 200 ఎకరాలకు మించిన దక్షిణాది తిరుగుబాటు భూస్వాముల కమతాలు స్వాధీనం చేసుకుని, బానిసత్వం నుంచి విముక్తులైన వయోజన పురుషులకు తలా 40 ఎకరాలివ్వాలని 1865లో లాంకాస్టర్ సభలో అడిగారు. 1867లో బిల్లూ తెచ్చారు. ఆస్తిహక్కు పేరుచెప్పి సొంత రిపబ్లికన్ పార్టీయే వెనకడుగు వేసింది. మా దృష్టిలో ఆ కాంగ్రెస్ చేసిన పెద్ద తప్పు అదే. ఓటైతే ఇచ్చారు, దాన్ని కాపాడుకోవడానికి కాళ్లకింద నేల ఇవ్వలేదు. 1868 ఆగస్టు 11న స్టీవెన్స్ కన్నుమూశారు. శతాబ్దం ముగిసేలోపే దక్షిణాది రాష్ట్రాలు ఓటు పన్నులు, చదువు పరీక్షలు పెట్టి ఆ ఓటునూ లాగేసుకోవడం మొదలుపెట్టాయి. విముక్తుల్లో చాలామంది అప్పటికే పాత దొరల పొలాల్లో పంట పాలుకు పత్తి పండిస్తూ, అప్పుల్లో కూరుకుపోయారు.