హెలికాప్టర్‌ను ఎక్కడ కోయాలి?

ధరల గురించీ రోడ్ల గుంతల గురించీ రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అంతకంటే పెద్ద ఘోరం ఒకటి పట్టపగలు జరుగుతుంటే పట్టించుకునే నాథుడు లేడు కాబట్టి ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను. హెలికాప్టర్ అనే మాటను ఇంగ్లిషువాళ్లు తప్పు చోట కోస్తున్నారు.

మాటను ముక్కలుగా విడదీసి చూపే ఇంగ్లిష్ నిఘంటువు ఏదైనా తెరిచి చూడండి. మధ్యమధ్య చుక్కలు పెట్టి హె, లి, కాప్, టర్ అని నాలుగు ముక్కలు చేసి ఉంటుంది. వాడుకలో అయితే రెండే ముక్కలు: హెలి, కాప్టర్. చికెన్ కొట్టు కుర్రాడు కూడా కీలు చూసుకుని కత్తి పెడతాడు. వీళ్లకు ఆపాటి ఓపిక లేకపోయింది.

అసలు కీలు ఎక్కడుందంటే, 1861 దాకా వెళ్లాలి. పోంటన్ దామెకూర్ అనే ఫ్రెంచి పెద్దమనిషి గాల్లోకి నిట్టనిలువుగా లేచే యంత్రానికి ఈ పేరు పెట్టాడు. యంత్రం మాత్రం లేదు. తర్వాత ఆవిరితో నడిచే నమూనా ఒకటి చేయించాడు గానీ అది ఎగరలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా సోమలింగానికి పేరు భేషుగ్గా కుదిరింది. గ్రీకులో హెలిక్స్ అంటే మెలిక, ప్టెరాన్ అంటే రెక్క. రెండింటినీ అతకడానికి మధ్యలో ఒక ఒకారం. మెలి తిరిగిన రెక్క కలది అని విగ్రహవాక్యం చెప్పి, బహువ్రీహి అని రాస్తే రెండు మార్కులు. అంటే కోయాల్సింది 'హెలికో' తర్వాత, 'ప్టర్'కు ముందు. అక్కడ కత్తి పెట్టే ఆలోచన ఎవరికీ రాలేదు.

ఫలితం చూడండి. 'హెలి' అనే మొండెం పట్టుకుని హెలిప్యాడ్ కట్టారు. గ్రీకులో హెలి అని వెతికితే దగ్గర్లో దొరికేది హీలియం పేరులో ఉన్న సూర్యుడు. మెలికకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేదు. ఆ లెక్కన హెలిప్యాడ్ అంటే సూర్యభగవానుడు దిగే చోటు. ఎన్నికల సభలకు గాల్లో వచ్చే కొందరు నాయకుల విషయంలో ఈ అర్థమే సరైనదని వాళ్ల అనుచరులు వాదిస్తే నేను చేయగలిగింది లేదు.

రెండో ముక్క గతి ఇంకా అన్యాయం. మెలిక తోకలోంచి 'క'ను తెంపుకొచ్చి రెక్కకు తగిలిస్తే కాప్టర్ అయింది. దానికి ముందు లాటిన్ నాలుగు తగిలించి క్వాడ్‌కాప్టర్ అన్నారు. పెళ్లిలో తలంబ్రాల మీద గిరగిరా తిరిగే డ్రోన్ అదే. నాలుగుంది, రెక్క ఉంది, మెలికకు మాత్రం ఒక్క హల్లే మిగిలింది.

అయితే న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ తప్పుడు కోత వల్లే ఒక ప్రాణం నిలిచింది. ఇంగ్లిష్‌లో మాట మొదట ప, ట జంటగా వస్తే ప నోరు మూసుకోవాలి. అందుకే అదే రెక్కతో మొదలయ్యే ఆ పాతకాలపు ఎగిరే జంతువును టెరోడాక్టిల్ అంటారు. రాతలో ప ఉంటుంది, పలుకులో ఉండదు. హెలికాప్టర్‌లో అయితే కీలు కాని చోట కోసినందువల్ల ప వెనక్కి జరిగి 'కాప్' చివర సీటు సంపాదించింది. ఈజిప్టును ఏలిన టాలెమీలకు ఆ అదృష్టం లేదు. ఏలిన దేశం పేరులో ప దక్కింది, ప, ట జంటతోనే మొదలయ్యే సొంత పేరులో దక్కలేదు. దోమకు దక్కింది. దోమల వర్గం పేరు డిప్టెరా, అంటే రెండు రెక్కలవి. ఈ వరసన రాత్రిపూట చెవి దగ్గర మోగేది హెలికాప్టర్‌కు దాయాదే.

ఇక మన సంగతి. గ్రీకు ముక్క రాకపోయినా ఈ మాటను సరిగ్గా కోస్తున్నది తెలుగువాళ్లమే. పత్రికలో వరుస చివర చోటు చాలక మాట విరిగితే 'హెలికా' పైన ఉండిపోయి 'ప్టర్' కింది వరుసలో పడుతుంది. ప కింద ట వత్తును విడదీసే మగాడు ఏ ప్రెస్సులోనూ లేడు. నోటితో మనమూ కాప్, టర్ అనే అంటాం, అది వేరే సంగతి. రాతలో మాత్రం గ్రీకు పండితులం. ఛందస్సులో గణాలు కట్టినా, ఎక్కడ కోసినా సగణం మీద ఒక గురువే, తేడా లేదు.

మరీ పొంగిపోనక్కర్లేదు. గ్రీకులో ఆటో అంటే తనంతట తాను అని. మనం రిక్షాను వదిలేసి ఆ ముక్క ఒక్కటే ఉంచుకున్నాం. మీటరు ఉన్నా రేటు తనంతట తానే చెప్పుకుంటుంది కనుక అర్థం చెడలేదు.

చివరిగా అధికారులకు ఒక వినతి. సభ జరిగే మైదానంలో సున్నంతో గుండ్రంగా గీసి మధ్యలో హెచ్ అని రాస్తున్నారు. పాత గ్రీకు రాతలో ఈ మాటకు హెచ్ అనే అక్షరమే లేదు, మొదటి అచ్చు మీద తిరగేసిన కామా లాంటి గుర్తు మాత్రం పెట్టేవారు. ఆ గుర్తును కూడా గ్రీసు ప్రభుత్వం 1982లో తీసేసింది. ఇవాళ వాళ్లు ఎలికోప్టెరో అనే అంటారు. కన్నవాళ్లే వద్దనుకున్న అక్షరాన్ని మనం సున్నం పోసి ఎందుకు మోయాలి? దాని బదులు పెద్దగా 'ప్ట' అని రాయించండి. అదేమిటో పైలట్‌కు అర్థం కాక రెండు చక్కర్లు ఎక్కువ కొడతాడు. ఈలోగా కార్యకర్తలకు జనాన్ని తోలుకొచ్చే టైమ్ దొరుకుతుంది.