ఆ రోజు డ్యూటీ ఎవరిది?

లేబర్ రూంలో పనిచేసే నర్సు కడుపుతో ఉందని తెలిస్తే అందరూ సంతోషిస్తారు. డ్యూటీ చార్టు వేసే ఇన్‌చార్జి సిస్టర్ కూడా సంతోషిస్తుంది, కాకపోతే వేళ్ళు లెక్కపెడుతూ సంతోషిస్తుంది. నెలలు లెక్కపెడుతోంది కాబోలనుకుంటాం. ఆవిడ లెక్కపెట్టేది ఖాళీ పడబోయే నైట్ డ్యూటీలు. ఆ లెక్క తేలాక ఆవిడా, ఆవిడ వెనకే ఆయమ్మా, లిఫ్ట్ దగ్గరి సెక్యూరిటీ అతనూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంతకీ కాన్పు ఇక్కడేనా?"

చూడ్డానికి చిన్న ప్రశ్న. కానీ ఇందులో వైద్యశాస్త్రం ఉంది, ఆఫీసు రాజకీయం ఉంది, మానమర్యాదల సమస్య ఉంది, కుట్ల లెక్క ఉంది. ఇంత గంభీరమైన విషయం మీద ఏ ప్రభుత్వమూ ఇంతవరకు విచారణ సంఘం వేయకపోవడం శోచనీయం. మొదటి కాన్పు వేరే ఆసుపత్రిలో, రెండోది పనిచేసే ఆసుపత్రిలో అయినదాన్ని కాబట్టి, ఉభయపక్షాల వాదనలూ విన్న న్యాయమూర్తి హోదాలో నేనే ఈ నివేదిక సమర్పిస్తున్నాను.

ముందుగా ఒక సామెత సంగతి తేల్చాలి. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ మాట అన్నవాడు పెరట్లో ఎన్నడూ నైట్ డ్యూటీ చేసి ఉండడు. చేసి ఉంటే ఆ చెట్టులో ఏ కొమ్మ పుచ్చిందో, ఏ కొమ్మ రాత్రి పన్నెండు దాటాక ఫోన్ ఎత్తదో తెలిసేది.

మామూలు జనం ఆసుపత్రిని ఎంచుకునే పద్ధతి వేరు. రిసెప్షన్‌లో సోఫాలు ఎలా ఉన్నాయి, గోడ మీద నవ్వుతున్న పాపాయి బొమ్మ ఎంత పెద్దది, తెలిసినవాళ్ళ చెల్లెల్ని ఇక్కడ ఎలా చూశారు, ఇవీ కొలతలు. పాపం, వాళ్ళ తప్పు కాదు. వాళ్ళకు కనిపించేది ఒక్క ఆసుపత్రే. మాకు అదే భవనంలో మూడు ఆసుపత్రులు కనిపిస్తాయి: పగటిది, రాత్రిది, ఆదివారం మధ్యాహ్నానిది. పగటి ఆసుపత్రిలో పిలవకుండానే నలుగురు వస్తారు. రాత్రి ఆసుపత్రిలో పిలిస్తే ఒకరు వస్తారు, ఆ ఒక్కరు ఎవరన్నదే అసలు సంగతి. అందుకే లేబర్ రూం నర్సు ఏ ఆసుపత్రి అని అడగదు. ఆ రోజు డ్యూటీ ఎవరిది అని అడుగుతుంది.

ఇది మా చాదస్తమని కొట్టిపారేసేవాళ్ళు 1840లలో వియన్నా జనరల్ హాస్పిటల్‌కి కాన్పుకొచ్చిన తల్లులను చూసి ఉండాల్సింది. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటిదాంట్లో డాక్టర్లూ వైద్య విద్యార్థులూ, రెండోదాంట్లో మంత్రసానులూ కాన్పులు చేసేవారు. ఎవరు ఎందులో చేరాలన్నది వాళ్ళు వచ్చిన రోజును బట్టి ఉండేది. మొదటిదాంట్లో నూటికి సుమారు పదిమంది తల్లులు చనిపోతే, రెండోదాంట్లో నలుగురి లోపే. పురిటి జ్వరం. ఈ తేడా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. మోకాళ్ళ మీద పడి రెండో విభాగంలో చేర్చుకోమని బతిమాలేవారు. మొదటిదాంట్లో చేరడం కన్నా వీధిలో కనడం నయమనుకున్నవాళ్ళూ ఉన్నారు. పెద్దలు మాత్రం గాలి మంచిది కాదనీ, జనం ఎక్కువయ్యారనీ కారణాలు వెతుకుతూ కూర్చున్నారు. శవాలు కోసిన చేతులతోనే వచ్చి కాన్పులు చేస్తున్నారని 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు గ్రహించి, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడిగించాక చావులు తగ్గాయి. సూక్ష్మజీవుల సంగతి ఆ తల్లులకు తెలియదు. ఆ మాటకొస్తే సెమ్మెల్‌వైస్‌కీ తెలియదు. ఏ రోజు ఎవరి డ్యూటీయో మాత్రం వాళ్ళకు తెలుసు. మా డ్రెస్ మార్చుకునే గదిలో జరిగే పరిశోధనకు అంతకంటే గొప్ప వంశం ఏం కావాలి?

ఆ పరిశోధన ఇలా సాగుతుంది. షిఫ్టు మారే పది నిమిషాల్లో ఒకామె చార్టు ఫోటో తెరుస్తుంది. "ఆ వారం పెద్ద మేడం లీవు. ఈయన చెయ్యి మంచిదే గానీ ఓపిక లేదు. సాయంత్రం ఆరు దాటితే బిడ్డ గుండె చప్పుడు ఈయనొక్కడికే తేడాగా వినిపిస్తుంది, ఇక ఆపరేషనే." "మత్తుకు ఆ కొత్త డాక్టరమ్మ రావాలి, వెన్నులో ఒక్క పోటుకే అయిపోతుంది." "కుట్లు మాత్రం ఆవిడ చేతే వేయించుకో." కుట్ల విషయంలో మాకున్న పట్టింపు దర్జీలకు కూడా ఉండదు. ఇంత శాస్త్రీయంగా తారీఖు, షిఫ్టు, డాక్టరు, మత్తు డాక్టరు అన్నీ ఖరారయ్యాక ఒక్కరి సంతకం మిగిలిపోతుంది. ఆ ఒక్కరు లోపల ఉన్నారు. చివరి నెలసరి నుంచి 280 రోజులని మనం తారీఖు వేస్తాం గానీ, సరిగ్గా ఆ తారీఖునే పుట్టేది నూటికి నలుగురైదుగురు. నా కోసం ముగ్గురు నైట్లు మార్చుకున్నారు. నొప్పులు ఎవరూ మార్చుకోని రోజున, అదీ నేను డ్యూటీలో ఉండగా వచ్చాయి. "లీవు పదిహేను నుంచి కదా పెట్టావు, తొమ్మిదికే ఏంటి?" అంది ఇన్‌చార్జి సిస్టర్. ఆ మాటలో కోపం లేదు, నిజమైన బాధ ఉంది.

ఇక మానమర్యాదలు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టాలని సామెత. బిడ్డ కాక ఇంకేమొస్తుందో ఆ సామెత దాపరికం లేకుండా చెబుతుంది, పత్రికాముఖంగా నేను చెప్పలేను. ముక్కేటప్పుడు చాలామందికి జరిగేదే. అనుభవమున్న నర్సు మాట కలుపుతూనే కింద గుడ్డ మార్చేస్తుంది, తల్లికి తెలియను కూడా తెలియదు. ఆ విద్యలో నా అంత చెయ్యి లేదని పేరు. చిక్కంతా అక్కడే వచ్చింది. నా కింద గుడ్డ ఎప్పుడు మారిందో నాకు తెలిసినంత కచ్చితంగా ఇంకే తల్లికీ తెలిసి ఉండదు. మార్చింది నేను పని నేర్పిన పిల్ల. పాపం, బాగానే నేర్చుకుంది. మార్చేముందు నాతో వాతావరణం గురించి మాట్లాడింది.

నర్సులు తమ వృత్తికి ఆద్యురాలనుకునే ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుతో చేసే ప్రమాణంలో రోగి గుట్టు కాపాడతామని ఉంది. ఆ ప్రమాణం నైటింగేల్ రాసింది కాదు, 1893లో అమెరికాలో ఒక నర్సింగ్ స్కూలు కమిటీ రాసింది. కమిటీ రాసింది కాబట్టి ఒక సందు ఉండిపోయింది. సాటి నర్సే రోగి అయితే, డ్రెస్ మార్చుకునే గది ఆ గుట్టుకు లోపలా, బయటా? దీని మీద మాలో భిన్నాభిప్రాయాలున్నాయి. నా మటుకు నాకు మర్నాడు ఉదయం ఎక్స్‌రే తీసే అబ్బాయి గుమ్మంలో నిలబడి "కుట్లు ఎలా ఉన్నాయి సిస్టర్?" అని ఎంతో ప్రేమగా అడిగినప్పుడు సమాధానం దొరికింది.

మొదటి కాన్పుకు వేరే చోటికి వెళ్ళింది ఈ భయంతోనే. ఉద్యోగం దగ్గర అకౌంట్స్ అని రాశాను. అరగంట కూడా దాగలేదు. సెలైన్ అయిపోవస్తుంటే చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి చక్రం తిప్పి ఆపింది. "మీరు నర్సా?" అంది అక్కడి నర్సమ్మాయి, దొంగను పట్టుకున్నట్టు. ఆ క్షణం నుంచి ఆ గది పరీక్ష హాలు అయిపోయింది. ఆ అమ్మాయి చేతులు రెండుసార్లు కడుక్కుంది. సెమ్మెల్‌వైస్ ఆత్మ శాంతించి ఉంటుంది గానీ, సూది మాత్రం మూడోసారికి గాని ఎక్కలేదు.

ఎక్కడ కన్నా నర్సుకు తప్పని నష్టం ఇంకోటి ఉంది. మందులు పనిచేస్తాయి, మాటలు పనిచేయవు. "అయిపోవచ్చిందమ్మా, ఇంకొక్కసారి ముక్కు" అన్నది పదకొండేళ్ళుగా నేను చెబుతున్న అబద్ధం. ఇంకొక్కసారి అంటే కనీసం ఎనిమిది సార్లు. తల కనిపిస్తోంది అంటే వెంట్రుక కనిపిస్తోందని. డాక్టరు గారు దార్లో ఉన్నారంటే ఫోన్ ఎత్తారని. కాస్త చూద్దాం అంటే థియేటర్ ఖాళీ లేదని. ఈ నిఘంటువు కంఠతా వచ్చినదాన్ని ఎవరు ఏ మాటతో ఓదార్చగలరు? నేను మెడ తిప్పి బిడ్డ గుండె చప్పుడు నూటపది, నూటఅరవై మధ్యలో ఉందో లేదో చూసుకుంటుంటే, మావాళ్ళు మెషీన్‌నే గోడవైపు తిప్పేశారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఆసుపత్రుల్లో ఒక నమ్మకం ఉంది, మనవాళ్ళకే కాంప్లికేషన్లు వస్తాయని. ఇది పూర్తిగా మూఢనమ్మకమేమీ కాదు. మనవాళ్ళన్న అభిమానం కొద్దీ రోజూ చేసే పని మానేస్తారు. సిస్టర్‌కి మళ్ళీ పరీక్ష ఎందుకులే, నొప్పిగా ఉంటుంది. మూత్రానికి గొట్టం (కాథెటర్) ఎందుకులే, మొహమాటం. ఆవిడకు అన్నీ తెలుసులే, చెప్పక్కర్లేదు. ఇన్ని 'లే'లు పోగుపడి చివరికి ఒక కాంప్లికేషన్ అవుతుంది. పక్క మంచం మీద ఎవరికీ ఏమీ కాని తల్లికి మాత్రం అన్నీ పుస్తకం ప్రకారం జరుగుతాయి, ఆవిడ హాయిగా కని ఇంటికి వెళ్తుంది. అందుకని నేను మావాళ్ళను కోరింది ఒక్కటే, నన్ను పరాయిదానిలా చూడమని.

చూశారు కూడా, ఒక్క విషయంలో తప్ప. గర్భసంచి ద్వారం ఏడు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర, ఒక నొప్పి కొండెక్కుతున్న సమయంలో, తలుపు సందులోంచి ఒక గొంతు: "సిస్టర్, ఫ్రిజ్ తాళంచెవి ఎక్కడ పెట్టారు?" బిడ్డ పుట్టగానే రక్తం ఎక్కువ పోకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. అందుకని ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆ ఫ్రిజ్ తాళంచెవి డ్యూటీలో ఉన్నామె జేబులో ఉంటుంది. ఆ యూనిఫాం ఇప్పుడు సంచిలో ఉంది, సంచి మా ఆయన చేతిలో ఉంది, మా ఆయన బండి తీయమన్నారని పార్కింగ్‌లో ఉన్నారు. నొప్పి దిగేదాకా ఆగి, "ఎవరికి ఇంజెక్షన్?" అన్నాను.

"మీకే సిస్టర్."

ఇంతకీ తల్లులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న, "మీరైతే ఎక్కడ కంటారు సిస్టర్?" అని. దానికి మా జవాబు, "ఇక్కడ అందరూ మంచి డాక్టర్లేనండి." చెప్పడానికి రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంటాం. తెలివైన తల్లులు ఆ రెండు సెకన్లే వింటారు. ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చేవాళ్ళు మంటలార్పే సిలిండర్లు లెక్కపెడతారు, చేతులు కడుక్కునే బొమ్మ గోడకు అంటించారా అని చూస్తారు. ఆ ఫారంలో ఒక్క గడి కలిపితే చాలదా, ఇక్కడి లేబర్ రూం నర్సుల్లో ఎందరు ఇక్కడే కన్నారని? ఈ ఆలోచన మా మేనేజ్‌మెంట్‌కి చెప్పాను. చాలా నచ్చింది. సిబ్బంది అందరూ విధిగా ఇక్కడే కనవలెనని మర్నాటికల్లా నోటీసు వచ్చింది. వచ్చే ఏడు రిటైరవుతున్న ఇన్‌చార్జి సిస్టర్ కూడా సంతకం చేసింది.

తాళంచెవి దొరికింది. ఇంజెక్షన్ తొడలోకి దిగుతుండగానే పాప ఏడ్చింది. పుట్టిన నిమిషానికి ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి బిడ్డకు మార్కులు వేస్తారు. 1952లో వర్జీనియా ఆప్గార్ అనే మత్తు డాక్టరమ్మ పెట్టిన పరీక్ష అది. గుండె వేగం, ఊపిరి, ఒంటి బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు, ఒక్కోదానికి రెండేసి, మొత్తం పది. మొదటి నిమిషంలో పదికి పది రావడం అరుదు, చేతులూ కాళ్ళూ ఇంకా నీలంగానే ఉంటాయి కాబట్టి రంగు దగ్గర ఒకటి పోతుంది. ఇది కూడా నా కింద గుడ్డ మార్చిన ఆ పిల్లకు నేర్పింది నేనే.

"ఆప్గార్ పది!" అని అరిచింది ఆ పిల్ల, గదంతా వినపడేలా.

మాయ ఇంకా పడలేదు. మోచేతుల మీద లేచి చూశాను. "కాళ్ళు నీలంగా ఉన్నాయి కదే. తొమ్మిది వెయ్యి."

ఆ పిల్ల పాప కాళ్ళకేసి చూసింది, నాకేసి చూసింది. "మన పాపే కదా సిస్టర్," అని కేస్ షీట్‌లో పదే వేసింది.