మూడు ముళ్లు పడ్డాయి, ఇంకేం కావాలి?

పరంజాను గోడకు ఎందుకు కట్టాలి అని అడిగేవాడు మన సైట్లలో ఒక్కడూ ఉండడు. అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన పని మళ్లీ చేసి చూపించడం చాదస్తం కాబట్టి దాన్ని మర్యాదగా వదిలేస్తున్నారు. ఐదంతస్తుల ఎత్తున, మూడడుగుల వెడల్పున, కింద నాలుగు ఇటుక ముక్కల మీద నిలబడిన ఆ పైపుల గూడు నిన్న పడలేదు, మొన్న పడలేదు. ఇంతకన్నా గట్టి రుజువు ఏ ఇంజనీరు ఇవ్వగలడు?

అమెరికా వాళ్లకు ఈ ధీమా లేదు పాపం. పరంజా ఎత్తు దాని అడుగుభాగం వెడల్పుకు నాలుగింతలు దాటితే కట్టాల్సిందేనని అక్కడ నియమం. అంటే మూడడుగుల పరంజాకు 12 అడుగుల దగ్గరే మొదటి కట్టు, అక్కణ్నుంచి పైకి ప్రతి 20 అడుగులకు ఒకటి, అడ్డంగా 30 అడుగులకు మించకుండా, రెండు చివర్లలో తప్పనిసరిగా. మనకూ పరంజాల భద్రతకు 1987 నాటి భారతీయ ప్రమాణం, ఐఎస్ 3696 మొదటి భాగం ఉంది. దాన్ని ఎవరూ చించలేదు, నలపలేదు. తెరిస్తే కదా నలిగేది.

అయితే మనవాళ్లు అసలు కట్టరని నింద వేయడం అన్యాయం. కడతారు. 18 గేజీ బైండింగు వైరు, మూడు ముళ్లు. మూడు ముళ్లు పడ్డాక ఏడు జన్మల బంధమేనని పెళ్లి పందిట్లో విన్నది పరంజాకూ వర్తింపజేశారు. రెండో కొస దేనికి కట్టాలన్నది చిన్న విషయం. కిటికీ గ్రిల్లు, వాన నీళ్ల ప్లాస్టిక్ పైపు, నిన్న సాయంత్రం లేచిన పిట్టగోడ, ఏది చేతికి అందితే అది.

ఈ పిట్టగోడ గురించి రెండు ముక్కలు చెప్పాలి. నాలుగున్నర అంగుళాల మందం, మూడడుగుల ఎత్తు, మీటరు పొడవు ముక్క దాదాపు 200 కిలోలు తూగుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ సిమెంటు ఇంకా పట్టని ఆ పచ్చిగోడ తన బరువు మీదే నిలబడి ఉంటుంది. పైఅంచు పట్టుకుని మీటరుకు 13 కిలోల బలంతో లాగితే చాలు, బోర్లా పడుతుంది. 13 కిలోలంటే సగం బియ్యం బస్తా. ఇటు పరంజా చుట్టూ టార్పాలిన్ కప్పారనుకోండి. గంటకు 72 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు 24 కిలోల చొప్పున తోస్తుంది. అడ్డంగానూ నిలువుగానూ నాలుగేసి మీటర్లకు ఒక కట్టు ఉంటే దాని వాటాకు 16 చదరపు మీటర్లు, అంటే దాదాపు 390 కిలోలు. వేసవి గాలివానకు ఇదేం పెద్ద లెక్క కాదు. కాబట్టి పిట్టగోడకు కట్టిన పరంజా పడేటప్పుడు ఒంటరిగా పోదు, తోడు తీసుకుని మరీ పోతుంది.

వైరుకు ఇంకో సుగుణం ఉంది. అది లాగుడును ఆపుతుంది గానీ తోపుడును ఆపదు. గాలి గోడవైపు తోస్తే పరంజా లోపలికి ఒరుగుతుంది, వదిలితే బయటికి వచ్చి వైరును జాడిస్తుంది. ఇలా వంద జాడింపులకు ముడి వదులవుతుంది. పాత సర్వీ బాదుల సారవలో, అంటే కర్రల పరంజాలో, అడ్డబాదు కొస గోడ బొక్కలో కూర్చునేది కదా, అది పట్టు కాదా అని పెద్దలు అడగవచ్చు. అది బరువు మోస్తుందంతే. బయటికి లాగితే సొరుగులా జారి వస్తుంది.

ఇక చాదస్తులు చేసే పద్ధతి కూడా వినండి, నవ్వుకోవడానికి. 48.3 మిల్లీమీటర్ల పైపును కిటికీ సందులోంచి లోపలికి పంపుతారు. లోపల గోడకు ఆనేలా ఒక అడ్డ పైపు, బయట గోడకు ఆనేలా ఇంకొకటి, గోడ రెండింటి మధ్య బిగుసుకుంటుంది. అప్పుడు లాగినా కదలదు, తోసినా కదలదు. ఆ పైపును పరంజా లోపలి నిలువు పైపుకూ బయటి నిలువు పైపుకూ తిరిగే క్లాంపుతో కాక ఫిక్స్ క్లాంపుతో, పైపుల కూడలికి 300 మిల్లీమీటర్ల లోపే బిగిస్తారు. కిటికీ ఖాళీలో జాకీ తిప్పి అడ్డంగా బిగించే పద్ధతీ ఉంది గానీ, కింద పెట్టిన చెక్క ఎండితే అది వదులవుతుంది. అందుకే బ్రిటన్‌లో మొత్తం కట్లలో సగానికి మించి అలాంటివి ఒప్పుకోరు.

కిటికీ లేని గోడకైతే యాంకర్ బోల్టు. ఇటుక నడిమధ్యలో డ్రిల్లు, సిమెంటు సందులో కాదు. అంచుకు దగ్గరగా వ్యాకోచించే బోల్టు బిగిస్తే ఇటుక పగులుతుంది. గాలి బుడగల కాంక్రీటుతో చేసే తేలిక ఏఏసీ బ్లాకులో అయితే పిండి రాలి బోల్టు చేతిలోకి వస్తుంది. అలాంటి చోట బొక్కలో రసాయన జిగురు నింపి బిగించే కెమికల్ యాంకరే గతి. అదీ బొక్కలో దుమ్ము ఊది, బ్రష్షు పెట్టి, మళ్లీ ఊదాకే. బ్రిటన్‌లో మామూలు కట్టు 6.1 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 620 కిలోలు ఆపాలి. దానికి ఒకటింపావు వంతు బలంతో లాగి పరీక్షిస్తారు, ఇరవైకి ఒకటి చొప్పున, ఎంత తక్కువన్నా మూడు. మన పరీక్ష సులువు. మేస్త్రి పైపు పట్టుకుని ఒకసారి ఊపుతాడు.

ఇన్నీ సరిగా చేశాక గిలాబు వాళ్లు, అంటే ప్లాస్టరింగు వాళ్లు, వస్తారు. కట్టు ఉన్నచోట గోడకు మాలు తగలదు. "ఒరేయ్, అదొక్కటి ఊడదీయ్‌రా, మళ్లీ బిగిద్దాం." మళ్లీ అనేది ఫలానా రోజని ఏ పంచాంగంలోనూ లేదు. పక్కన కొత్త కట్టు బిగించాకే పాతది తీయాలన్న మాట ఎవరికీ గుర్తుండదు. ఒక్క కట్టు పోతే ఆ నిలువుకు ఆసరా లేని పొడవు రెట్టింపవుతుంది. అది వంగకుండా మోయగల బరువు లెక్కప్రకారం పావువంతుకు పడిపోతుంది. పైన ఇటుకలూ మాలూ మాత్రం మునుపటంతే ఉంటాయి. విప్పేరోజు ఉత్సాహం ఇంకా ఎక్కువ. పైనుంచి ఒక్కో వరస దించుతూ ఆ వరస కట్లు తీయాల్సింది పోయి, తిరిగి ఎక్కే శ్రమ ఎందుకని పొద్దున్నే అన్ని కట్లూ ఊడదీసి, పరంజా చుట్టూ గాలి పట్టే వల మాత్రం సాయంత్రం దాకా ఉంచుతారు.

అదే సైట్లో మూడో అంతస్తు స్తంభానికి గడ్డి మీసాల దిష్టిబొమ్మ ఉంటుంది. నడుముకు రెండు చుట్లు, మెడకు ఒకటి. వెనక కర్ర దాపు పెట్టి, అటూ ఇటూ లాగి కట్టారు. అటుపక్క గాలివాన వస్తే పరంజా సంగతేమో గానీ, అది కదలదు.